దినచర్య ప్రణాళికకు కృత్రిమ మేధ: సరిహద్దు గ్రామాల తెలుగు కుటుంబాలకు ఒక పరిచయం

కృత్రిమ మేధ సహాయకుడు అనగా మనం మాటలలో అడిగినదానికి మాటలలోనే బదులిచ్చే కంప్యూటర్ సాధనం. దీనినే వాడుకలో ఏఐ అంటున్నారు. సెల్‌ఫోనులో టైపు చేసి గానీ, నోటితో చెప్పి గానీ దీనిని అడగవచ్చు. ఉత్తరం వ్రాయడం, అనువదించడం, పాఠం వివరించడం వంటి పనులతో పాటు, రేపు చేయవలసిన పనులను ఒక క్రమంలో పెట్టి చూపడం కూడా దీనికి చేతనవుతుంది. పొలం, పాడి, బడి, ఆఫీసు, బస్సు అన్నీ ఒకే రోజులో ఇమడవలసిన పల్లె కుటుంబానికి ఈ చివరి ఉపయోగం చిన్నది కాదు. తాలూకా కేంద్రానికి ఒకసారి వెళ్లి పని కాక తిరిగి వస్తే ఆనాటి కూలి పోతుంది, బస్సు ఖర్చు పోతుంది, ఇంటి వద్ద ఒక పూట పని ఆగిపోతుంది.

కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాం ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఈ సాధనం వాడకంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. మనం అడిగే భాష తెలుగు; మనం ఉండే రాష్ట్రం వేరు. ఆ సంగతి విడమరచి చెప్పకపోతే సహాయకుడు మనలను ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ వాసులుగా భావించి బదులిచ్చే అవకాశం ఎక్కువ. ఈ వ్యాసంలో ఆ చిక్కును, దానిని తప్పించుకొనే పద్ధతిని, ఒక పూర్తి ఉదాహరణను, తీసుకోవలసిన జాగ్రత్తలను వివరిస్తున్నాము.

పూర్వరంగం

అమెరికాలోని ఓపెన్ఏఐ సంస్థ 2022 నవంబరు 30న చాట్‌జీపీటీని ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. సామాన్యులు ఇంటి భాషలో కంప్యూటర్‌తో సంభాషించడం పెద్ద ఎత్తున మొదలైనది అప్పటినుండే. గూగుల్ సంస్థ బార్డ్ అనే పేరుతో తెచ్చిన సహాయకుడికి 2024 ఫిబ్రవరిలో జెమినై అని పేరు మార్చింది. అదే ఏడాది జూన్‌లో జెమినై యాప్ మన దేశంలో విడుదలైనప్పుడు ఆంగ్లంతో పాటు తొమ్మిది భారతీయ భాషలలో పనిచేస్తుందని ఆ సంస్థ ప్రకటించింది. తెలుగు, కన్నడం, తమిళం, మరాఠీ ఆ జాబితాలో ఉన్నాయి. ఒడియా అప్పుడు లేదు. వాట్సాప్‌లో కనిపించే మెటా ఏఐ కూడా 2024 జూన్‌లోనే భారతదేశంలోకి వచ్చింది.

ప్రభుత్వం వైపునుండి చూస్తే, భారతీయ భాషల మధ్య అనువాదానికి ఉద్దేశించిన భాషిణి అనే వేదిక 2022 జూలైలో ప్రారంభమైంది. పీఎం కిసాన్ పథకం గురించి రైతులడిగే ప్రశ్నలకు బదులిచ్చే కిసాన్ ఈ-మిత్ర 2023 సెప్టెంబరులో వచ్చింది. ఇవి ఒక్కొక్క పనికి ఏర్పాటైనవి. దినచర్యను అమర్చడానికి ముందు చెప్పిన సాధారణ సహాయకులే అనువైనవి. వీటిలో చాలావాటిని కొంత మేరకు ఉచితంగా వాడుకోవచ్చు. దినచర్య ప్రణాళికకు ఆ మేరకు సరిపోతుంది. డబ్బు చెల్లించి వాడవలసిన అవసరం సాధారణంగా ఉండదు.

ఇది ఎలా పనిచేస్తుంది

ఈ సహాయకులు కోట్ల కొద్దీ పుటల పాఠ్యాన్ని చదివి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఉందో నేర్చుకొన్నవి. అందువలననే ఇవి తడబడకుండా చక్కని వాక్యాలు వ్రాయగలవు. కాని వాక్యం చక్కగా ఉండటం వేరు, విషయం నిజం కావడం వేరు. మీ ఊరి బస్సు ఎన్ని గంటలకు వస్తుందో, ఈ వారం మీ ఫీడరుకు త్రీ ఫేజ్ కరెంటు ఏ వేళలో ఇస్తున్నారో, మీ పాల డెయిరీ ఎప్పుడు మూస్తారో దానికి తెలియదు. తెలియని చోట ఆగి అడగడానికి బదులు, నమ్మదగినట్లు కనిపించే సమయం ఒకటి వ్రాసి ఇచ్చే అలవాటు దీనికి ఉన్నది. కొన్ని సహాయకులు ఇంటర్నెట్‌లో వెతికి చెబుతాయి. పల్లె బస్సు వేళలు అక్కడ కూడా దొరకడం అరుదు.

ఇది చదివిన పాఠ్యంలో ఆంగ్లానిది సింహభాగం. తెలుగు పాఠ్యం దానితో పోల్చితే బహు తక్కువ. ఆ ఉన్న తెలుగులోనూ హైదరాబాదు, విజయవాడల పత్రికా భాషే ఎక్కువ. కోలారు తెలుగు, హోసూరు తెలుగు, సిరొంచ తెలుగు, పర్లాకిమిడి తెలుగు అందులో అంతగా కనిపించవు. కావున ఇంటి యాసలో అడిగినప్పుడు ముఖ్యమైన మాటను ఒకసారి పుస్తక భాషలో కూడా చెప్పడం మంచిది. "మాపటికి" అన్నప్పుడు "సాయంత్రం 6 గంటలకు" అని చేర్చితే పొరబాటుకు చోటుండదు.

భాషను బట్టి రాష్ట్రాన్ని ఊహించే చిక్కు

ఆదాయ ధ్రువపత్రానికి రేపు ఎక్కడికి వెళ్లాలని తెలుగులో అడిగితే "మీ సేవ కేంద్రానికి వెళ్లండి" అనో, "గ్రామ సచివాలయంలో దరఖాస్తు చేయండి" అనో బదులు రావచ్చు. మీ సేవ తెలుగు రాష్ట్రాలలోని ఏర్పాటు. గ్రామ సచివాలయాలు ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైనవి. సరిహద్దుకు ఇవతల ఉన్నవారికి ఆ సలహా పనికిరాదు. దానిని నమ్మి రోజును అమర్చుకొంటే ఆ రోజు వృథా అవుతుంది.

అందువలన ఏ రాష్ట్రంలో ఏ పేరు వాడాలో ముందుగా తెలిసి ఉండటం అవసరం:

• కర్ణాటక: ధ్రువపత్రాలకు నాడకచేరి, పలు సేవలకు గ్రామ ఒన్ కేంద్రం, భూమి పత్రం పహణి.
• తమిళనాడు: ఇ-సేవై కేంద్రం, గ్రామ స్థాయిలో వి.ఏ.ఓ.; భూమి పత్రాలు పట్టా, చిట్టా, అడంగల్.
• మహారాష్ట్ర: ఆపలే సర్కార్ సేవా కేంద్రం, గ్రామ స్థాయిలో తలాఠి, భూమి పత్రం సాత్-బారా.
• ఒడిశా: మో సేవా కేంద్రం, తహసీల్దారు కార్యాలయం.
• యానాం: పుదుచ్చేరి ప్రభుత్వానికి చెందిన ప్రాంతీయ పరిపాలనాధికారి కార్యాలయం.

కొలతలలోనూ ఇదే జాగ్రత్త కావాలి. కర్ణాటక, మహారాష్ట్రలలో ఎకరానికి 40 గుంటలని లెక్క. ఆంధ్రలోను, తమిళనాడులోను ఎకరానికి 100 సెంట్లని లెక్క. "ఇరవై గుంటలలో కలుపు తీయాలి" అన్నప్పుడు అది అర ఎకరమని స్పష్టం చేస్తే కూలీల సంఖ్య, పట్టే సమయం సరిగా వస్తాయి.

ఈ చిక్కుకు మందు చాలా సులభం. ప్రతి సంభాషణ మొదట్లో రాష్ట్రం, జిల్లా, తాలూకా పేర్లు చెప్పి, "తెలుగులో బదులివ్వండి, కాని మా రాష్ట్రపు కార్యాలయాలు, సెలవులు, కొలతలు మాత్రమే వాడండి" అనే వాక్యం చేర్చాలి. కొన్ని సహాయకులలో ఈ వాక్యాన్ని ఒకసారి భద్రపరచి ఉంచే వీలున్నది. లేనిచోట ఫోనులోని నోట్సులో వ్రాసుకొని ప్రతిసారీ అతికించవచ్చు.

అడగవలసిన పద్ధతి

మంచి ప్రణాళిక రావాలంటే ఆరు వివరాలు ఇవ్వాలి.

1. చోటు, తేదీ. రాష్ట్రం, జిల్లాలతో పాటు "రేపు" అనకుండా వారం, తేదీ చెప్పాలి.

2. మనుషులు. ఇంట్లో పని చేసేవారు ఎందరు, ఎవరికి ఏ పని చేతనవును, ఎవరికి ఏ పని కూడదు. ఆడవారి పనులను విడిగా లెక్కించి చెప్పడం మరువరాదు. వంట, నీళ్లు, బట్టలు, పశువుల కొట్టం, పిల్లలను బడికి సిద్ధం చేయడం అనేవి పనులుగా వ్రాయకపోతే సహాయకుడు ఆ గంటలను ఖాళీగా భావించి, వాటి మీద మరో పని పెడతాడు.

3. కదలని సమయాలు. బస్సు, డెయిరీ, బడి, కరెంటు, కార్యాలయం తెరిచే వేళ.

4. కదలగల పనులు. ఒక్కొక్క దానికి ఎంత సేపు పడుతుందో మన అనుభవం మీద చెప్పాలి. ఆ అంచనాను సహాయకుడికి వదిలిపెట్టరాదు.

5. తప్పనిసరి, వీలైతే. ఆ రోజు కాకపోతే నష్టం కలిగే పనులు ఏవి, వాయిదా వేయదగినవి ఏవి.

6. ఆజ్ఞ. "ఎవరు, ఏ సమయానికి, ఏ పని అని పట్టికగా ఇవ్వండి. తెలియనిది ఊహించవద్దు, నన్ను అడగండి." ఈ చివరి వాక్యం ఉంటే తప్పులు తగ్గుతాయి, పూర్తిగా పోవు.

గంటలు చెప్పేటప్పుడు ఉదయమో, సాయంత్రమో తప్పక చేర్చాలి. "మూడింటికి" అంటే తెల్లవారుజాము మూడా, మధ్యాహ్నం మూడా అన్నది ఇంట్లోవారికి తెలుస్తుంది గాని యంత్రానికి తెలియదు.

ఒక ఉదాహరణ: పట్టుపురుగులు పెంచే ఇల్లు

కర్ణాటకలోని చిక్కబళ్లాపుర జిల్లా 2007లో కోలారు జిల్లా నుండి ఏర్పడింది. అందులోని శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టుకు ప్రసిద్ధి. ఆ తాలూకాలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకొందాము. భార్యాభర్తలు, భర్త తల్లి, పదవ తరగతి చదివే కూతురు, రెండు ఆవులు, ఒక షెడ్డు నిండా పురుగులు. భర్త ఇలా అడిగాడనుకొందాము:

"మాది కర్ణాటక, చిక్కబళ్లాపుర జిల్లా, శిడ్లఘట్ట తాలూకా. రేపు బుధవారం. పని చేసేవారు నేను, నా భార్య, మా అమ్మ. అమ్మకు మోకాళ్ల నొప్పి. కూర్చుని చేసే పనే చెప్పండి. కూతురికి పరీక్షలు, పని వద్దు. పట్టుపురుగులు నాలుగవ జ్వరం లేచి ఇది మూడవ రోజు. ఉదయం 5, మధ్యాహ్నం 1, రాత్రి 9 గంటలకు మేత వేయాలి. ఒక్కొక్క మేతకు 45 నిమిషాలు పడుతుంది. ఆకు ఎండలో కోయరాదు. ఒక కోతకు గంటన్నర పడుతుంది. పాల డెయిరీ ఉదయం 6.30, సాయంత్రం 6. త్రీ ఫేజ్ కరెంటు మధ్యాహ్నం 12 నుండి 3 వరకు. తోటకు నీరు కట్టాలి. నేను నాడకచేరిలో ఆదాయ ధ్రువపత్రానికి అర్జీ ఇవ్వాలి. బస్సు ఉదయం 9.15, తిరుగు బస్సు మా ఊరికి మధ్యాహ్నం 1 గంటకు వస్తుంది. వంట, ఇల్లు, కొట్టం పనులు కూడా లెక్కలోకి తీసుకోండి. పట్టికగా వ్రాయండి. తెలియనిది నన్ను అడగండి."

ఈ ప్రశ్నలో పురుగులు ఏ దశలో ఉన్నాయో చెప్పడం అన్నింటికంటె ముఖ్యం. పట్టుపురుగు నాలుగు సార్లు జ్వరానికి, అనగా పొర విడిచే నిద్రకు, పోతుంది. ఆ సమయంలో మేత వేయరాదు. నాలుగవ జ్వరం లేచిన తరువాత వచ్చే ఐదవ దశ రమారమి ఏడెనిమిది రోజులు ఉంటుంది. పురుగు తన జీవితంలో తినే ఆకులో 80 శాతానికి పైగా ఈ దశలోనే తింటుంది. అందువలన ఈ రోజులలో ఒక మేత తప్పినా గూటి బరువు మీద ప్రభావం పడుతుంది. దశ చెప్పకుండా "పురుగులకు మూడు పూటలా మేత" అని మాత్రమే చెబితే, జ్వరంలో ఉన్న రోజున కూడా సహాయకుడు మూడు మేతలు వ్రాయగలడు.

మొదటిసారి వచ్చే పట్టికలో మూడు రకాల తప్పులు వెతకాలి. ఒకటి, కుదరని వేళ: ఆకు కోతను ఉదయం 11 గంటలకు పెట్టడం వంటిది. రెండు, ఒకరిని ఒకే సమయంలో రెండు చోట్ల ఉంచడం: 1 గంటకు భార్య షెడ్డులో మేత వేస్తూ, తోటలో నీరు కడుతూ ఉన్నట్లు వ్రాయడం. మూడు, బరువు ఒక్కరి మీదనే పడటం. ఈ మూడవది చూడడానికి ఒక్కొక్కరి పేరు కింద ఎన్ని పనులున్నవో, మొదటి పనికీ చివరి పనికీ మధ్య ఎన్ని గంటలున్నవో లెక్కపెట్టాలి. ఉదయం 5కు లేచిన మనిషికే రాత్రి 9 గంటల మేత కూడా వ్రాసి ఉంటే, "రాత్రి మేత నాకు మార్చండి, భార్యకు మధ్యాహ్నం విశ్రాంతి చూపండి" అని తిరిగి అడగాలి. రెండు మూడు దిద్దుబాట్ల తరువాత పట్టిక ఈ విధంగా ఉండవచ్చు:

• ఉదయం 5.00 – భార్య: పురుగులకు మేత. నిన్న సాయంత్రం కోసి తడి గోనెపట్టా కింద ఉంచిన ఆకు. భర్త: కొట్టం శుభ్రం, పాలు పిండడం.
• 6.15 – భర్త: పాలు డెయిరీకి. భార్య: వంట. అమ్మ: కూరలు తరగడం.
• 6.45 నుండి 8.15 – భర్త: మధ్యాహ్నపు మేతకు ఆకు కోత.
• 9.15 – భర్త: బస్సు. కాగితాల సంచి ముందురోజు రాత్రే సిద్ధం.
• 9.30 నుండి 11.00 – భార్య: పురుగుల పడకలు శుభ్రం చేయడం.
• 12.00 – భార్య: మోటారు వేసి రావడం.
• 1.00 – భార్య: మేత. భర్త: బస్సు దిగి నేరుగా తోటకు, నీరు కట్టడం.
• 2.00 నుండి 4.00 – భార్య: విశ్రాంతి. భర్త 3 గంటలకు మోటారు ఆపి, భోజనం.
• 4.30 నుండి 6.00 – భర్త: రాత్రికి, మరునాటి ఉదయానికి ఆకు కోత. భార్య: పాలు పిండి 6 గంటలకు డెయిరీలో పోయడం.
• రాత్రి 9.00 – భర్త: మేత. భార్య అప్పటికి నిద్రకు.

ఈ పట్టికలోనూ ఒక లోపం మిగిలి ఉన్నది. ఒక కోతకు గంటన్నర అని ముందు చెప్పాడు. సాయంత్రం రెండు మేతలకు సరిపడా ఆకు అదే గంటన్నరలో కోయాలని వ్రాసి ఉన్నది. ఇది కుదరదు. దీనికి పరిష్కారం ఇంటివారికే తెలుస్తుంది. ఒక కూలి మనిషిని పిలవడమా, అర్జీని మరో రోజుకు వాయిదా వేసి ఉదయమే ఎక్కువ ఆకు కోయడమా అనేది డబ్బుకు, గడువుకు సంబంధించిన నిర్ణయం. స్కాలర్‌షిప్పు గడువు దగ్గరలో ఉంటే కూలి ఇచ్చుకోవడమే మేలు కావచ్చు. లేదంటే పురుగులు గూడు కట్టడానికి చంద్రికల మీదికి చేరిన తరువాత దొరికే తీరిక రోజులలో అర్జీ పెట్టుకోవచ్చు. పట్టిక చేసే మేలు ఏమంటే, ఈ ఇరుకు రేపు సాయంత్రం ఐదు గంటలకు కాక, ఈ రాత్రే కంటికి కనబడుతుంది.

రెండు భాషల పని

సరిహద్దు కుటుంబపు రోజులో తరచుగా ఒక అర్జీయో, ఉత్తరమో ఉంటుంది. మాట తెలుగు, కాగితం రాష్ట్ర భాష. ఈ పనిని ప్రణాళికలోనే చేర్చవచ్చు. విషయాన్ని తెలుగులో చెప్పి, "దీనిని కన్నడంలో అర్జీగా వ్రాయండి, తరువాత ఆ కన్నడ అర్జీని వాక్యం వాక్యంగా తెలుగులోకి తిరిగి చెప్పండి" అని అడగాలి. తిరిగి వచ్చిన తెలుగు మనం చెప్పిన విషయంతో సరిపోలితే కొంత నమ్మకం కలుగుతుంది. అయినప్పటికీ ఆ భాష చదివేవారు ఒకరు చూడనిదే ఇవ్వరాదు.

ముఖ్యంగా మూడు చూడాలి. పేర్లు ఆధార్ కార్డులో, రేషన్ కార్డులో ఉన్నట్లే ఉన్నవా. సర్వే నంబరు సరిగా ఉన్నదా. తేదీలు మారలేదు కదా. రోజుల పేర్లతో చెప్పినప్పుడు అనువాదంలో పొరబాట్లు వస్తాయి. తెలుగు "ఎల్లుండి" కన్నడంలో "నాడిద్దు" అవుతుంది. మరాఠీలో "కాల్" అంటే నిన్న. హిందీలో "కల్" నిన్న కావచ్చు, రేపు కావచ్చు. సిరొంచ వైపు మూడు భాషలూ కలిసే ఇళ్లలో తేదీని అంకెలలో వ్రాయడమే క్షేమం.

ఇక్కడ రాజ్యాంగం 350వ అధికరణం గుర్తుంచుకోదగినది. తనకు కలిగిన ఇబ్బంది పరిష్కారం కోరుతూ ఇచ్చే విజ్ఞాపనను కేంద్రంలో గాని ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చే హక్కు ప్రతి వ్యక్తికీ ఉన్నది. రాష్ట్ర భాషలో అర్జీ ఇవ్వడం పని త్వరగా జరగడానికి ఒక సౌకర్యం. దానివలన తెలుగులో ఇచ్చే హక్కు పోదు. విషయం గంభీరమైనదైతే రెండు భాషలలోను వ్రాసి, ప్రతి ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది.

సెలవులు, పంచాంగం

సెలవుల విషయంలో కూడా సహాయకుడు పొరుగు రాష్ట్రపు జాబితా చూపవచ్చు. నవంబరు 1 కర్ణాటకలో రాజ్యోత్సవం. యానాంలో పుదుచ్చేరి విమోచన దినం. యానాంలో ఆగస్టు 16 కూడా సెలవే. ఏప్రిల్ 1 ఒడిశాలో ఉత్కళ దినం. మే 1 మహారాష్ట్ర దినం. ఉగాదికి తమిళనాడు ప్రభుత్వం తెలుగు సంవత్సరాది పేరుతో సెలవు ఇస్తున్నది. బ్యాంకులకు దేశమంతటా రెండవ, నాలుగవ శనివారాలు సెలవు. ఏటి మొదట్లో మీ రాష్ట్ర ప్రభుత్వపు సెలవుల జాబితాను ఫోటో తీసి ఉంచుకొని, దాని ప్రకారమే అడగడం ఉత్తమం.

తిథి, నక్షత్రం, రాహుకాలం పాటించేవారు వాటిని సహాయకుడిని లెక్కకట్టమని అడగరాదు. రాహుకాలం సూర్యోదయ సూర్యాస్తమయాల మధ్య కాలాన్ని ఎనిమిది భాగాలు చేసి చూసేది. ఒడిశాలోని బరంపురంలో, కర్ణాటకలోని బళ్లారిలో సూర్యోదయాల మధ్య దాదాపు అరగంట తేడా ఉంటుంది. కావున మీ ప్రాంతపు పంచాంగం చూసి, "బుధవారం 12 నుండి 1.30 వరకు కొత్త పని మొదలు పెట్టవద్దు" అని ఒక నియమంగా ఇస్తే దానిని చక్కగా పాటిస్తుంది.

ఇతర వృత్తులవారికి

హోసూరు కర్మాగారాలలో షిఫ్టులకు వెళ్లేవారు వారం రోజుల షిఫ్టు పట్టిక ఇచ్చి, నిద్ర గంటలు ముందు కేటాయించి, మిగిలినవి తరువాత అమర్చమని అడగాలి. పూలు, కూరగాయలు పండించేవారికి మార్కెట్టు తెరిచే వేళే మొదటి మేకు; కోత, మూట కట్టడం, బండి అన్నీ అక్కడినుండి వెనక్కు లెక్కించమని చెప్పాలి. యానాం మత్స్యకారులు వాతావరణ హెచ్చరికను, ఆటుపోటుల వేళలను సహాయకుడిని అడగరాదు. అవి అధికార ప్రకటనలనుండి తెలుసుకొని, ఆ తరువాతనే వలలు బాగుచేయడం, మంచు తెచ్చుకోవడం వంటి ఒడ్డు పనులకు ప్రణాళిక అడగవచ్చు. తెగుళ్లు, మందుల మోతాదు వంటి పంట సందేహాలకు కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551 ఉదయం 6 నుండి రాత్రి 10 వరకు పనిచేస్తుంది.

చెప్పకూడనివి

ప్రణాళికకు అవసరం లేని వ్యక్తిగత వివరాలు ఇవ్వరాదు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, యూపీఐ పిన్, ఓటీపీ, భూమి పత్రాల ఫోటోలు ఇందులో ఎప్పుడూ పెట్టరాదు. అర్జీ వ్రాయించేటప్పుడు నంబరు స్థానంలో గీత ఉంచమని చెప్పి, తరువాత చేతితో నింపుకోవాలి. అసలు సహాయకుల పేర్లను పోలిన నకిలీ యాప్‌లు ఉంటాయి. ఫోనులోని అధికారిక యాప్ దుకాణం నుండి, తయారు చేసిన సంస్థ పేరు చూసి మాత్రమే తీసుకోవాలి. మోసపోయి డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

పెద్దలకు టైపు చేయడం రాని ఇళ్లలో ఈ పని పిల్లల మీద పడుతుంది. రాష్ట్ర భాష, తెలుగు రెండూ తెలిసిన బిడ్డ ఇంటికి లేఖరి అవుతుంది. ఒక పది నిమిషాలకు అభ్యంతరం లేదు. కాని ప్రతి అర్జీకి, ప్రతి లెక్కకు బిడ్డను పిలిస్తే చదువు గంటలు కరిగిపోతాయి. పెద్దలు మైకు గుర్తు నొక్కి నోటితో చెప్పడం నేర్చుకొంటే ఈ భారం చాలావరకు తప్పుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారిని బాలలుగానే పరిగణిస్తుంది. పిల్లల ఫోటోలు, బడి వివరాలు వీటిలో పెట్టకుండా చూడటం తల్లిదండ్రుల బాధ్యత.

వారానికొకసారి సరిచూడటం

ప్రణాళిక వచ్చిన తరువాత దానిని ఫోనులోనే ఉంచక, ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి వంటింటి గోడకు అంటించడం మంచిది. ఇంట్లో ఒక్కరి చేతిలో మాత్రమే ఫోను ఉన్నప్పుడు మిగిలినవారికి పట్టిక కనబడదు. కనబడని పట్టిక వలన తగవులు వస్తాయి. కరెంటు లేనప్పుడు, సిగ్నలు అందనప్పుడు కూడా కాగితం పనికి వస్తుంది.

ప్రతి పని పక్కన అది నిజంగా ఎంత సేపు పట్టిందో వ్రాసుకోవాలి. ఆదివారం సాయంత్రం ఆ కాగితాలు చూసి, ఏ పనికి మనం తక్కువ సమయం వేసుకొన్నామో, ఎవరి రోజు అందరికంటె పొడవుగా ఉన్నదో గమనించాలి. ఆ సంఖ్యలనే మరుసటి వారం సహాయకుడికి ఇవ్వాలి. మూడు నాలుగు వారాలలో మీ ఇంటి పనులకు పట్టే అసలు సమయాల జాబితా ఒకటి తయారవుతుంది. ఏ సహాయకుడిని వాడినా, ఒకదానిని మాని మరొకదానికి మారినా, ఆ జాబితా మీ వద్దనే ఉంటుంది. దానిని నోటు పుస్తకంలో వ్రాసి, బస్సు వేళలు, డెయిరీ వేళలు, మీ తాలూకా కార్యాలయపు పేరు, సెలవుల జాబితాతో పాటు ఒకే చోట భద్రపరచుకోవాలి.